శివారు దాకా

ఉండి లాకులు దాటాక ఎడమచేతి గట్టు మీద
స్కూటీ బురదలో రెండుసార్లు జారింది.
చెరువుల్లో ఏరేటర్లు తెల్లగా నురగ కక్కుతున్నాయి.
జగపతిరాజు గారి మేడ గదిలో మాత్రం
ఎనభై అయిదు అంగుళాల గోదారి
అడుగేసి, ఆగి, మళ్ళీ అడుగేస్తోంది
నత్తి ఉన్నవాడు ఇంటిపేరు చెబుతున్నట్టు.

"మేనల్లుడు డ్రోను ఎగరేసి తీసిన వరదమ్మా ఇది.
ఫోర్‌కే అన్నాడు. దీనికోసం రెండు లక్షలు పోశాను.
మీ షాపు కుర్రాళ్ళు ముగ్గురొచ్చి చూశారు,
ముగ్గురూ కాఫీ తాగి వెళ్ళారు."

నాకు కాఫీ తర్వాత అన్నాను.
డబ్బా మూత విప్పాను.
ఫాను రెక్కల మీద రొయ్యల మేత పొడి,
వేలు పెడితే గుర్తు పడేంత మందం.
బ్రష్షుతో దులిపితే గదంతా సంత వాసన.
వేడి తగ్గింది. నత్తి తగ్గలేదు.

ప్రాసెసర్ తొంభై ఏడు శాతం దగ్గర రొప్పుతోంది.
పక్కనే గ్రాఫిక్స్ కార్డు
పని చెప్పేవాడు లేక చేతులు కట్టుకుని కూచుంది.
సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టాను.
తొంభై ఏడు కాస్తా ఆరయింది.
గోదారి నున్నగా సాగింది,
రాజుగారు కుర్చీలో వెనక్కి వాలారు.
పదకొండు సెకన్లు.
తెర మొత్తం నల్లబడింది,
వచ్చింది, మళ్ళీ పోయింది.

గుమ్మంలో ఎవరో దగ్గారు.
లస్కరు పల్లాలు.
మోకాళ్ళ దాకా కాలవ మడ్డి,
చేతిలో షట్టరు తిప్పే ఇనప హేండిలు.
ఏదో చెప్పడానికి వచ్చి
తెర చూస్తూ నిలబడిపోయాడు.
"హెడ్డు దగ్గర నీళ్ళున్నాయామ్మా?"
ఉన్నాయన్నాను.
"శివారుకి అందట్లేదా?"
అందట్లేదు.
"అయితే మధ్యలో తూము చూడాలండి.
నేనెప్పుడూ ముందు తూమే చూస్తాను,
తిట్లు తర్వాత తింటాను."

సెకనుకి అరవై ఫ్రేముల్ని ముప్పైకి దించాను.
నల్లబడలేదు. నిమిషం. రెండు. అయిదు.
గోడ లోపల, సిమెంటు కింద, పుట్టీ కింద
ఇల్లు కట్టిన ఏడాది పాతిన హెచ్‌డీఎంఐ తీగ,
పది మీటర్లు,
అప్పటి నీటికి అప్పటి తూము.

"గోడ పగలగొట్టాలా?"
"కిటికీలోంచి కొత్తది లాగుదామండి."
"వేలాడుతూ అసహ్యంగా ఉంటుందేమో."
"ఉంటుందండి."
లోపల్నించి ఆయన భార్య రమామణి గారు:
"ఆర్నెల్లుగా నల్లతెర చూస్తున్నాంగా,
అది అందంగా ఉందా?"
తగువు అక్కడితో తెగింది.

కొత్తది గాజు పీచు తీగ. లోపల నడిచేది వెలుతురే.
పల్లాలు కిటికీ బయట నిచ్చెనెక్కి అందుకున్నాడు,
పాముపిల్లని పట్టుకున్నంత జాగ్రత్తగా.
బిగించాను. ఆన్ చేశాను.
ఏమీ లేదు. చిన్న మెరుపు కూడా లేదు.
చెవుల దాకా వేడెక్కింది నాకు.
ఈ తీగకి ఒక తల, ఒక తోక ఉంటాయి;
నేను తిరగేసి పెట్టాను.
పల్లాలు పైకి నవ్వలేదు గానీ
"శివారు నించి హెడ్డుకి పారదు కదండీ" అన్నాడు.

అప్పుడొచ్చింది విజ్జేశ్వరం.
ఎర్రనీళ్ళలో కొట్టుకొచ్చే ఒక్కొక్క కర్రా,
కర్ర మీద కూచున్న కొంగా, కొంగ మెడలో వంపూ.
రాజుగారు నోరు తెరుచుకుని చూస్తున్నారు.
నేను మూలన ఉన్న అంకె చూస్తున్నాను:
జారిన ఫ్రేములు, సున్న.
పల్లాలు తెరకి మూరెడు దూరం దాకా వెళ్ళి
వేలు పెట్టి చూపించాడు.
"ఆ గేటు రబ్బరు పోయిందండి. కారుతోంది."
వెనక్కి తిప్పి ఆపాను.
నిజమే, దారప్పోగంత నీళ్ళు.
ఎవడికి చెప్పాలో అన్నట్టు
మా ఇద్దరి మొహాలూ చూశాడు.

ఆరున్నరకి చెరువుల మీద రెండో వరస ఏరేటర్లు
ఒక్కసారి మొదలయ్యాయి.
వోల్టేజీ కుంగింది. కంప్యూటరు టప్పున ఆగింది.
బిల్లు పుస్తకంలో స్టెబిలైజరు అని రాద్దామంటే
గదిలో అక్షరం కనపడట్లేదు.
చీకట్లోంచి పల్లాలు గొంతు,
వచ్చిన పని ఇప్పుడు గుర్తొచ్చి:
"రాజుగారండీ, మన వంతు నీళ్ళు శుక్రారం."